చెరకు తోట తీశాక ఏ పంట వేయాలి? పంట మార్పిడిపై తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనకాపల్లి జిల్లా, శారదా నది నీటి మీద బతికే ఊరు. చెరకు, బెల్లం, మధ్యలో వరి. నలుగురు రైతులు గానుగ దగ్గర కూర్చుంటే వచ్చే ప్రశ్నలే ఇక్కడ రాశాను. జవాబులు కొన్ని పరిశోధనా స్థానం వాళ్లు చెప్పినవి, కొన్ని పొలంలో దెబ్బతిని నేర్చుకున్నవి. నేలలు, కాలువలు ఊరూరికీ మారతాయి కాబట్టి మీ మడికి సరిపోయేది మీరే ఏరుకోవాలి.

తాతల కాలం నుంచి చెరకు మీద చెరకే వేస్తున్నాం. ఇప్పుడు కొత్తగా మార్పిడి ఎందుకు?

తాతలు చెరకు మీద చెరకు వేశారన్న మాట పూర్తిగా నిజం కాదు. మా వైపు పెద్దవాళ్లు ఒక మొక్కతోట (కొత్తగా నాటిన చెరకు), ఒకటి రెండు కార్శిలు (నరికిన దుబ్బు మళ్లీ చిగిర్చి పెరిగే పంట) తీసి, ఆ మడిలో వరి ఊడ్చేవారు. జనుము చల్లి, పెరిగాక నేలలోనే కలియదున్నేవారు. పశువులు ఎక్కువ కాబట్టి గత్తం (పశువుల ఎరువు) బండ్లకొద్దీ తోలేవారు. కార్శి మీద కార్శి లాగడం, తీసిన నెలకే మళ్లీ ముచ్చెలు (నాటే గడ ముక్కలు) పెట్టడం తరువాత వచ్చిన అలవాట్లు.

ఒకే గడ్డి జాతి పంట ఏళ్ల తరబడి ఒకేచోట నిలబడితే దాని వేర్లను తినే నులిపురుగులు, బూజులు అక్కడే కాపురం పెడతాయి. నేల పైకి బాగానే కనిపిస్తుంది, ఎరువు వేస్తే ఆకు పచ్చబడుతుంది, గడ మాత్రం ఊరదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ చెరకు రైతులకూ ఇదే ఎదురైంది. అక్కడ 1993లో మొదలుపెట్టిన ఉమ్మడి పరిశోధనలో తేలింది ఏమిటంటే, మధ్యలో సోయా, వేరుశనగ లాంటి పంట ఒక్కటి వేసినా తర్వాతి చెరకు గట్టిగా పుంజుకుంటుందని. బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రంలో తోటలు మార్చేటప్పుడు వేరుశనగ గానీ, మన జనుమే గానీ వేయడం మామూలు.

ఎన్ని కార్శిల తర్వాత తోట తీసేయాలి?

మొక్కతోట, దాని మీద రెండు కార్శిలు. అంతకు మించి లాగితే చాలా మడుల్లో లాభం కాగితం మీదే. అయితే లెక్క ఏళ్లతో కాదు, దుబ్బులతో చూడండి. వరుసలో నడుస్తూ వెళితే నాలుగో వంతు ఖాళీలు కనిపిస్తున్నాయా? పిలకలు సన్నగా, గడ్డిలా వస్తున్నాయా? తీసేయండి. ఎర్రకుళ్ళు (గడ లోపల ఎర్రగా కుళ్లే తెగులు) కనిపిస్తే మాత్రం అది మొదటి కార్శి అయినా ఉంచకూడదు.

సరే, తీసేశాం. అన్నిటికన్నా మంచి మార్పిడి పంట ఏది?

ఈ ప్రశ్నకు ఒక్క పంట పేరు చెప్పేవాళ్లను నమ్మకండి. ముందు మీరే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: తోట ఎందుకు తీస్తున్నారు? తీయడానికి కారణమైన జబ్బే వేయాల్సిన పంటను చెబుతుంది.

ఎర్రకుళ్ళుతో తీస్తుంటే, నీరుంటే వరి. వేరుపురుగు తినేసి గడలు పడిపోతే నీరు నిలిచే వరి మంచిది, వేరుశనగ చేటు. తుంగ, గరిక మింగేసి తీస్తుంటే వేసవి దుక్కి, ఆపైన దమ్ము చేసిన (నీరు పెట్టి బురదగా దున్నిన) మడి. నేల గట్టిబడి, దిగుబడి ఏటా కొంచెం కొంచెంగా జారిపోయి తీస్తుంటే పచ్చిరొట్ట (పచ్చిగానే నేలలో కలియదున్నే జనుము, జీలుగ లాంటి పైరు), తర్వాత అపరాలు. చౌడు పైకి తేలి తీస్తుంటే జీలుగ. ధర, కూలీలు, నీరు అన్నీ దీని తర్వాత చూసుకోవాల్సినవి. చాలామంది ముందు బజారు ధర చూసి పంట వేస్తారు, ఆ జబ్బు కొత్త మొక్కతోటలో మళ్లీ పలకరిస్తే విత్తనం మంచిది కాదంటారు.

మధ్యలో మాకు ఎన్ని నెలలు దొరుకుతాయి?

ఉత్తర కోస్తాలో చివరి కార్శి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు నరికేస్తాం. కొత్త మొక్కతోట జనవరి నుంచి మార్చి మధ్య. అంటే దాదాపు తొమ్మిది పది నెలలు. ఈ వ్యవధిని ఖాళీగా వదిలేయడం ఎంత తప్పో, మూడు పంటలు ఇరికించాలనుకోవడమూ అంతే తప్పు.

నాకు కుదిరిన వరస ఇది. ఏప్రిల్లో దుబ్బులు పెళ్లగించి లోతుగా దున్ని ఎండకు వదిలేస్తాను. తొలకరి పడగానే జీలుగ. 45 రోజులకు కలియదున్ని ఊడ్పు. నవంబర్ మధ్యకల్లా కోత అయిపోయే స్వల్పకాలిక వరి అయితేనే జనవరికి నేల ఆరుతుంది. వరి కోతకు ముందు మినుము చల్లే ఆలోచన ఉంటే చెరకు నాటు ఫిబ్రవరి చివరికో, మార్చికో జరుగుతుంది. ఆ ఆలస్యానికి ముందే సిద్ధపడండి.

ఫిబ్రవరిలోనే తోట ఖాళీ అయి, బోరు నీళ్లుంటే వేసవి పెసర కూడా పడుతుంది. 60, 65 రోజుల పంట. కాకపోతే అప్పుడు ఎండ దుక్కి పోతుంది. గరిక, తుంగ ఉన్న మడిలో నేను ఆ పని చేయను.

చెరకు తర్వాత వరి వేస్తే నేల పాడవుతుందంటారు. నిజమేనా?

సగం నిజం. వరి వల్ల వచ్చే మేలు పెద్దది. మడిలో నీరు నిలిస్తే వేరుపురుగు, చెదలు చాలావరకు చస్తాయి. మెట్ట కలుపు అణుగుతుంది. ఎర్రకుళ్ళు సోకిన మోళ్లు, గడ ముక్కలు నీళ్లలో నాని కుళ్లిపోతాయి, వాటితోపాటు తెగులూ తగ్గుతుంది. తెలంగాణలో రుద్రూరు పరిశోధనా స్థానం పేరులోనే చెరకు, వరి రెండూ ఉన్నాయి. ఈ రెండు పంటల పొత్తు పాతదే.

కీడు దమ్ముతో వస్తుంది. దమ్ము చేస్తే మట్టి రేణువుల కట్టు చెదిరిపోయి, అడుగున గట్టి పొర ఏర్పడుతుంది. బంకమట్టి నేల అయితే కోత తర్వాత దున్నితే గడ్డలు లేస్తాయి. ఆ గడ్డల మధ్య ముచ్చె పెడితే మట్టి అంటక మొలక దెబ్బతింటుంది. అందుకని మార్పిడి ఏడాదిలో స్వర్ణ (ఎంటీయూ 7029) లాంటి దీర్ఘకాలిక రకాల జోలికి పోవద్దు. కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010), శ్రీధృతి (ఎంటీయూ 1121) లాంటి 120 రోజుల రకాలు సరిపోతాయి. గింజ పాలు పోసుకుని గట్టిపడ్డాక నీరు తీసేయండి. కోత అవ్వగానే పదును చూసి ఒకసారి, పది రోజులాగి అడ్డంగా ఒకసారి దున్నండి. తడిలో ట్రాక్టర్ దించితే ఆ ఏడాది చెరకు మీద ఆశ వదులుకున్నట్టే.

అపరాల్లో పెసర మంచిదా, మినుమా?

కాలం తక్కువ ఉంటే పెసర. కొద్దిగా తేమ పట్టి ఉంచే బరువు నేల, చలికాలం అయితే మినుము. రెండింటికీ ఎకరాకు 6 నుంచి 8 కిలోల విత్తనం చాలు. వరి మాగాణిలో చల్లితే రెట్టింపు దాకా పడుతుంది. రెండింటికీ శత్రువు పల్లాకు తెగులే, దాన్ని తెల్లదోమ మోసుకొస్తుంది. తెగులును తట్టుకునే మినుము రకాలు పీయూ 31, టీబీజీ 104, ఎల్‌బీజీ 787 లాంటివి దొరుకుతున్నప్పుడు ఇంట్లో ఉన్న పాత గింజే చల్లడం ఎందుకు?

ఎప్పుడూ అపరాలు పండని మడి అయితే విత్తనానికి రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి మొక్కకు నత్రజని అందించే బ్యాక్టీరియా) పొడి పట్టించండి. ఎకరా విత్తనానికి 200 గ్రాముల ప్యాకెట్ సరిపోతుంది. నెల దాటాక ఒక మొక్క మెల్లగా తవ్వి తీసి, వేరు మీద బుడిపెను గోటితో చిదమండి. లోపల గులాబీ రంగు ఉంటే అది పని చేస్తోంది. తెల్లగానో, పచ్చగానో ఉంటే మీ పంట నేలకు పెట్టేది ఏమీ లేదు.

కాయ రెండుసార్లు కోసుకుని, పచ్చిగా ఉన్న మొక్కను అక్కడే కలియదున్నితేనే నేలకు మిగులుతుంది. మొక్కంతా పీకి కళ్లానికి మోసుకుపోతే మీరు వేసింది అమ్ముడు పంటే, మార్పిడి లాభంలో సగం గట్టు దాటిపోయింది.

జనుము, జీలుగ, పిల్లిపెసర: వీటిలో తేడా ఏమిటి?

గరువు నేల, నీరు నిలవని చోట జనుము. త్వరగా ఎదుగుతుంది, కలుపును తొక్కేస్తుంది. నీరు నిలిచే పల్లానికి, చౌడుకు జీలుగ. పిల్లిపెసర తీగలా పాకుతుంది, ఒకసారి కోసి పశువులకు వేసి, మళ్లీ చిగురించాక దున్నుకోవచ్చు. పాడి ఉన్నవాళ్లకు అదే నచ్చుతుంది. విత్తనం ఎకరాకు జనుము 12 నుంచి 15 కిలోలు, జీలుగ 10 నుంచి 12, పిల్లిపెసర 6 నుంచి 8.

ముఖ్యమైనది దున్నే రోజు. పూత మొదలవగానే, అంటే 45, 50 రోజులకు దున్నేయాలి. పూలు పచ్చగా అందంగా ఉన్నాయని ఇంకో రెండు వారాలు ఆగితే కాడ నారగా మారుతుంది. రోటవేటర్‌కు చుట్టుకుంటుంది, నేలలో చివకదు. (మా చిన్నప్పుడు జనుము నారతో తాళ్లు పేనేవారు. ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందనుకున్నారు?) వరి ఊడ్చేట్టయితే దున్నిన వారానికి ఊడ్చుకోవచ్చు. చెరకు ముచ్చెలు పెట్టేట్టయితే రెండు మూడు వారాలు ఆగండి. కుళ్లుతున్న రొట్టలో ముచ్చె కూడా కుళ్లుతుంది.

పచ్చిరొట్ట విత్తనం రైతు సేవా కేంద్రాల్లో రాయితీ మీద ఇస్తారు. తొలకరికి ముందే అడిగి పెట్టుకోండి. వాన పడ్డాక వెళితే అయిపోయిందంటారు.

పచ్చిరొట్ట దున్నితే తర్వాత యూరియా తగ్గించవచ్చా?

తగ్గించాలి. పచ్చి జీలుగ బరువులో నూటికి సుమారు అర కిలో నత్రజని ఉంటుంది. ఎకరాకు ఐదు టన్నుల రొట్ట కలిసిందంటే 25 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 21 కిలోల లోపే. అంటే బస్తాకు పైనే నేలలో పడింది. అది మొత్తం ఒకేసారి పంటకు అందదు, మధ్యలో వరి వేస్తే ఎక్కువ భాగం వరే తింటుంది. రొట్ట తర్వాత నేరుగా చెరకు పెడితే ధైర్యంగా ఒక బస్తా ఆపండి.

బెల్లం వండేవాళ్లు దీన్ని ఇంకా జాగ్రత్తగా వినాలి. నత్రజని ఎక్కువైన చెరకు రసం మీద మడ్డి ఎక్కువ, దిమ్మ మెత్తగా ఉంటుంది, రంగు రాదు. పచ్చిరొట్టా వేసి, పాత అలవాటున పూర్తి యూరియా కూడా వేసి, మార్కెట్లో దిమ్మకు ధర రాలేదని బాధపడినవాళ్లలో నేనూ ఉన్నాను.

వేరుశనగ, సోయా వేసుకోవచ్చా?

ఇసుకపాలు ఎక్కువున్న చిత్తూరు వైపు నేలల్లో వేరుశనగ చక్కటి మార్పిడి. రెండు షరతులు. వేరుపురుగు ఉన్న పొలంలో వద్దు, ఆ పురుగు చెరకు వేరు ఎంత ఇష్టంగా తింటుందో వేరుశనగ వేరూ అంతే ఇష్టంగా తింటుంది. రెండోది, చెట్టంతా పశువుల మేతకు పోతుంది కాబట్టి నేలకు మిగిలేది మీరు అనుకున్నంత ఉండదు. ఆ లోటు పశువుల గత్తంతో తిరిగి ఇవ్వండి. అడవి పందులు తిరిగే కొండ వార ఊళ్లయితే ఆలోచించుకోండి.

సోయా ఎక్కువగా తెలంగాణ పంట. నిజామాబాద్, కామారెడ్డి, సంగారెడ్డి వైపు నల్లరేగళ్లలో జూన్‌లో వేస్తే అక్టోబర్‌కల్లా చేతికొస్తుంది. సోయాకు దాని సొంత రైజోబియం కావాలి, పెసర, మినుములకు వాడే పొడి పనిచేయదు. బోధన్‌లో 1937 నాటి నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక అక్కడి రైతులు చెరకు వదిలి వరికి, సోయాకు, మొక్కజొన్నకు మళ్లారు. మళ్లీ చెరకు వేయాలనుకుంటే ఇన్నేళ్ల విరామం ఆ నేలలకు మేలే చేసి ఉంటుంది.

మొక్కజొన్న?

మార్పిడి పంటగా వద్దు. అదీ గడ్డి జాతే, నత్రజని అలాగే తాగుతుంది, కాండం తొలిచే పురుగులు కొన్ని రెండింటికీ చుట్టాలే. 2018లో మన దేశానికి వచ్చిన కత్తెర పురుగుకు మొక్కజొన్న పెళ్లి భోజనం, చెరకు పలహారం. డబ్బు కోసం వేస్తే వేసుకోండి, నేల కోసమని చెప్పుకోవద్దు.

నువ్వులు, చోడి (రాగి)?

నీరు లేనిచోట నువ్వులు మంచివే. నేలను పెద్దగా బాగు చేయవు, పాడూ చేయవు. చోడి గడ్డి జాతి, మొక్కజొన్నకు చెప్పిన మాటే దానికీ.

కూరగాయలు, అరటి, పసుపు వేస్తే ఎలా ఉంటుంది?

డబ్బుకు బాగుంటుంది. కానీ టమాట, వంగ, బెండ వేర్ల మీద నులిపురుగుల బుడిపెలు బాగా కడతాయి. తేలిక నేలల్లో ఇప్పటికే చెరకు వేర్లు మొద్దుబారి ఉంటే వీటిని వేసి ఆ పురుగును ఇంకా మేపినట్టవుతుంది. అలాంటి చోట ఆ పురుగు తగ్గడానికి ఒక పంట బంతి వేసి చూడండి, పండగలకు పూలూ అమ్ముడవుతాయి. పసుపు, అరటి, కంద కృష్ణా డెల్టాలో చెరకుతో మారుస్తూ వేస్తుంటారు. వీటికి వేసే గత్తం, బోదెల తవ్వకం తర్వాతి చెరకుకు కలిసొస్తాయి. అయితే అవి ఏడాది పంటలు. మార్చి నుంచి జనవరి లెక్కలో ఇమడవు.

చెరకులో కొట్టిన గడ్డి మందు తర్వాతి పంటను దెబ్బతీస్తుందా?

తీస్తుంది. ఈ విషయం ఎవరూ ముందు చెప్పరు, మినుము మాడాక చెబుతారు. నాకు అలాగే జరిగింది. చివరి కార్శిలో కలుపు ఎక్కువైందని మందుల దుకాణంలో చెప్పిన మోతాదు కన్నా కొంచెం పెంచి అట్రజిన్ కొట్టాను. తోట ముందుగానే తీసేసి మినుము వేస్తే, మొలకలు బాగానే వచ్చాయి. రెండు వారాలకు కింది ఆకుల అంచులు పసుపు తిరిగి ఎండుతూ వచ్చాయి. తెగులనుకుని మందు కొట్టాను, అదొక దండగ. పొలం మూలన స్ప్రేయరు తిప్పిన చోట మందు రెండుసార్లు పడింది, అక్కడ మొక్కే మిగల్లేదు. అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు విత్తే ముందు చిన్న పరీక్ష చేస్తాను. మడిలో నాలుగైదు చోట్ల మట్టి తీసి ఒక కుండీలో, మందు పడని గట్టు మట్టి ఇంకో కుండీలో పోసి, రెండింటిలో పది మినుము గింజలు వేస్తాను. ఇరవై రోజులు చూస్తాను. రెండూ ఒకేలా ఉంటే విత్తుతాను. తేడా ఉంటే మినుము మానుకుంటాను. చివరి కార్శిలో అసలు మందు జోలికి పోకుండా గొర్రుతో సరిపెట్టుకోవడం ఇంకా సులువు.

ఎర్రకుళ్ళు వచ్చిన మడిలో ఎన్నాళ్లు చెరకు వేయకూడదు?

కనీసం ఒక ఏడాది, తెగులు గట్టిగా ఉంటే రెండేళ్లు. గడను నిలువునా చీలిస్తే లోపల ఎర్రటి కండ, మధ్య మధ్య అడ్డంగా తెల్ల మచ్చలు, పులిసిన కల్లు వాసన. ఇది కనిపించిన దుబ్బును వేర్లతో సహా తీసి కాల్చేయాలి. ఆ మడి నీరు పక్క తోటలోకి పారనివ్వకూడదు.

అయితే మార్పిడి ఒక్కదాని మీదే భారం వేయకండి. ఈ తెగులు ఎక్కువగా వచ్చేది ముచ్చెలతోనే. రెండేళ్లు వరి పండించి, మళ్లీ తెగులున్న తోట నుంచే విత్తనం తెస్తే ఆ రెండేళ్లు వృథా. ఉత్తరప్రదేశ్‌లో కో 0238 అనే ఒకే రకం రాష్ట్రమంతా పరుచుకుంది, దానికి ఎర్రకుళ్ళు పట్టేసరికి ఊళ్లకు ఊళ్లు దెబ్బతిన్నాయి. కాబట్టి పంటతోపాటు రకమూ మార్చండి. తట్టుకునే రకాలు ఏవో అనకాపల్లి పరిశోధనా స్థానంలో అడగండి, 1913 నుంచి వాళ్ల పని అదే.

తోట తీశాక చెత్త కాల్చాలా, దున్నాలా?

తెగులున్న తోట అయితే కాల్చండి. లేకపోతే ముక్కలు చేసి దున్నండి. చెరకు చెత్త చివికేటప్పుడు నేలలోని నత్రజనిని కొన్నాళ్లు పట్టుకుంటుంది, అందుకే వెంటనే వేసిన గడ్డి జాతి పంట పాలిపోతుంది. అపరాలు, జనుము తమ నత్రజని తామే తయారు చేసుకుంటాయి కాబట్టి వాటికి ఆ ఇబ్బంది తక్కువ.

చెరకు సాళ్ల మధ్య మినుము వేస్తున్నాం. అది మార్పిడి కిందికి రాదా?

రాదు. అది అంతరపంట. మొదటి మూడు నెలల్లో నాలుగు డబ్బులు వస్తాయి, మంచిదే. కానీ చెరకు వేరు అక్కడే ఉంది, దాన్ని తినే పురుగూ అక్కడే ఉంది.

చెరకు ఆదాయం వదులుకుని అపరాలు వేస్తే గిట్టుబాటు అవుతుందా?

2025–26 సీజన్‌కు కేంద్రం చెరకుకు క్వింటాలుకు రూ.355 ప్రకటించింది. అది 10.25 శాతం రికవరీకి (చెరకు బరువులో వచ్చే పంచదార వంతు). రికవరీ 9.5 శాతం, అంతకన్నా తక్కువ ఉన్న ఫ్యాక్టరీలకు రూ.329.05. అదే ఏడాది ఖరీఫ్ మద్దతు ధర మినుముకు రూ.7,800, పెసరకు రూ.8,768, సాధారణ రకం వరికి రూ.2,369. ఎకరాకు నాలుగు క్వింటాళ్ల మినుము వస్తే రూ.31,200. ముప్పై టన్నుల చెరకు ముందు ఇది చిన్నగానే కనిపిస్తుంది. కానీ మినుము మూడు నెలల్లో, తక్కువ పెట్టుబడితో వచ్చింది. చెరకు ఏడాది, పైగా నరుకుడు కూలి, రవాణా, ఫ్యాక్టరీ డబ్బు ఎప్పుడు పడుతుందోనన్న టెన్షన్. సరైన పోలిక మూడో కార్శితో చేయాలి. మీ మూడో కార్శి ఖర్చులు పోను ఎంత మిగిల్చిందో నోట్‌బుక్ తీసి చూడండి. నాది చూసుకుంటే సిగ్గేసింది.

మద్దతు ధరకు అమ్మాలంటే ఈ-పంటలో (ఏ పొలంలో ఏ పంట ఉందో ప్రభుత్వం రాసుకునే జాబితాలో) నమోదు ఉండాలి. గత ఏడాది చెరకు ఉన్న సర్వే నంబరులో ఇప్పుడు మినుము అని మార్చి రాశారో లేదో మీరే దగ్గరుండి చూసుకోండి.

మాది కౌలు. వచ్చే ఏడాది ఈ పొలం ఉంటుందో లేదో తెలియదు. జనుము ఎందుకు వేయాలి?

ఒక్క ఏడాది కౌలుకు అయితే వేయమని చెప్పడానికి నాకు నోరు రాదు. మూడేళ్ల మాట మీద తీసుకుంటే మొదటి ఏడాదే వేయండి. భూమి యజమానితో ముందే మాట్లాడి విత్తనం, దున్నుడు ఖర్చు కౌల్లో తగ్గించమని అడగండి. మా ఊళ్లో ఇద్దరు ఒప్పుకున్నారు, ముగ్గురు నవ్వేశారు.

మళ్లీ చెరకు నాటే ముందు ఏం చూసుకోవాలి?

ఒక గునపం తీసుకుని మడిలో నాలుగు చోట్ల దింపండి. జానెడు లోతు తర్వాత టక్కున ఆగితే దమ్ము పొర ఇంకా ఉంది, లోతు దుక్కి కావాలి. వరి మోళ్లు పూర్తిగా చివికాయా, పాత చెరకు దుబ్బులు ఎక్కడైనా మళ్లీ చిగురించాయా చూడండి. చిగురించిన ప్రతి దుబ్బూ పాత తెగులుకు వంతెన లాంటిది, పీకేయండి. మట్టి పరీక్ష ఫలితం చేతికి వచ్చాకే ఎరువుల లెక్క వేయండి. విత్తనం ఏడెనిమిది నెలల ఆరోగ్యమైన తోట నుంచి తెచ్చుకోండి. కాటుక తెగులు ఉన్న ప్రాంతమైతే ముచ్చెలను 52 డిగ్రీల వేడి నీటిలో 30 నిమిషాలు ఉంచి నాటండి. థర్మామీటరు వాడండి, చేయి పెట్టి చూసే వేడి కాదు అది.